ఆజ్ఞకు, ఆర్తికి నడుమ

వైద్యమునకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడొకటి, ఔషధము రెండవది, పరిచారకుడు మూడవది, రోగి నాలుగవది. వీనిలో ఏ పాదము కుంటుపడినను చికిత్స నడువదు. అంతటితో ఆగక ఆ గ్రంథము పరిచారకునకు ఉండవలసిన గుణములను గూడ నాలుగుగా లెక్కించినది. ఉపచారము చేయు విధము తెలిసియుండుట, దక్షత, తాను సేవించువాని యెడల అనురాగము, శుచిత్వము. ఈ పట్టికలో గమనింపదగిన విశేషమొకటి కలదు. వైద్యుని మాటకు మారు పలుకకుండుట అను గుణము ఇందు లేదు. అనురాగము చూపవలసినది మంచము మీద నున్నవాని యెడల.

ఈ మాటను నేడు తలచుకొనవలసిన అవసరము కలదు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన రాత్రింబవళ్ళు మెలగునది నర్సు. డాక్టరు ఉదయమొకసారి, సాయంకాలమొకసారి వచ్చి చూచి పోవును. నడుమనున్న గంటలన్నియు నర్సువే. జ్వరము హెచ్చినది మొదట ఆమెకు తెలియును. కట్టు తడిసినది మొదట ఆమె కంటబడును. డాక్టరుగారి ముందు నోరు మెదపలేని రోగి, ఆయన అటు పోగానే, "సిస్టరమ్మా, నాకేమైందమ్మా?" అని అడుగునది ఆమెనే. అన్నియు చూచునది ఆమె. ఆజ్ఞ యిచ్చునది వేరొకరు. ఆ ఆజ్ఞ తప్పని తోచిన నాడు ఆమె యేమి చేయవలెను? పాటించినచో రోగికి చేటు. ప్రశ్నించినచో తనకు చేటు. అడకత్తెరలోని పోకచెక్క వంటి ఈ స్థితి నుండి నర్సును తప్పించుటకు లోకమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ పని ఇంకను పూర్తి కాలేదు.

ఆధునిక నర్సు వృత్తి యుద్ధరంగపు నీడలో పెరిగినది. 1854లో, క్రిమియా యుద్ధకాలమున, ఫ్లారెన్సు నైటింగేలు తన బృందముతో స్కుటారిలోని బ్రిటిషు సైనిక ఆసుపత్రికి చేరినప్పుడు అక్కడి వైద్యులు వారిని ఆదరింపలేదు. వైద్యులు తమంతట తాము కోరువరకు నర్సులెవ్వరును రోగుల జోలికి పోరాదని ఆమె కట్టడి చేసినది. అది లొంగుబాటు కాదు, యుక్తి. పిలుపు రాక తప్పదని ఆమెకు తెలియును. క్షతగాత్రులు వెల్లువగా వచ్చిపడిన పిమ్మట పిలుపు రానే వచ్చినది.

యుద్ధానంతరము స్వదేశమునకు మరలిన నైటింగేలు మౌనముగా కూర్చుండలేదు. సైనికులలో శత్రువుల గుండ్లకు చచ్చినవారి కంటె, మురికి వలనను రద్దీ వలనను పుట్టిన వ్యాధులకు చచ్చినవారే ఎక్కువయని అంకెలతోను చిత్రపటములతోను నిరూపించి, ప్రభుత్వమును నిలదీసినది. ఆసుపత్రి చేయవలసిన మొదటి పని రోగికి హాని చేయకుండుట యని ఆమె తన గ్రంథమున వ్రాసినది. మరణించిన సిపాయీల పక్షమున సామ్రాజ్యమంతటి దానిని బోనులో నిలబెట్టిన ఈ పనినే నేడు నర్సింగు శాస్త్రము రోగి పక్షమున పలుకుట యనుచున్నది. మన పల్లెపట్టుల మాటలో చెప్పవలెనన్నచో, రోగికి వకాల్తా పుచ్చుకొనుట.

అయితే 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేరిట వెలసిన శిక్షణాలయమును చూచి, దేశదేశముల పుట్టిన నర్సుల పాఠశాలలకు ఆమె కట్టడి దక్కినంతగా ఆమె నిలదీత దక్కలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిటు నగరమున ఒక శిక్షణాలయము వారు పట్టము పుచ్చుకొను నర్సుల కొరకు ఒక ప్రమాణమును కూర్చినారు. అది నైటింగేలు ప్రమాణముగా ప్రసిద్ధి కెక్కినదే కాని ఆమె వ్రాసినది కాదు. రోగి రహస్యములను కాపాడుట, హానికరమైన మందు నివ్వకుండుట మొదలైన మంచి మాటలతో పాటు, వైద్యునకు విశ్వాసముతో తోడ్పడుదునను వాగ్దానము గూడ అందు కలదు. వైద్యుని ఆజ్ఞయు రోగి క్షేమమును ఒకే బాటను నడచునంతకాలము ఈ రెండు వాగ్దానములకును పొరపొచ్చెము లేదు. బాటలు చీలిన నాడు ఏది గొప్ప? ప్రమాణము ఆ సంగతి చెప్పలేదు.

చెప్పకపోవుటలోని ప్రమాదము 1929లో ఫిలిప్పీను దీవులలోని మనీలా నగరమున బయటపడినది. గొంతులోని టాన్సిళ్ళు తీయు ఆపరేషను కొరకు ఒక రోగిని సిద్ధము చేసినారు. నొప్పి తెలియకుండుటకై కొకెయిను మందును తెమ్మని డాక్టరు ఆజ్ఞాపించినాడు. లోరెంజా సొమేరా అను ప్రధాన నర్సు ఆ ఆజ్ఞను మరల అడిగి రూఢి చేసికొని, మందు సిద్ధము చేయించినది. సూదిమందు ఎక్కిన పిమ్మట రోగి ప్రాణము పోయినది. డాక్టరు మనసులో అనుకొన్నది ప్రొకెయిను. నోట వచ్చినది కొకెయిను. అక్షరముల తేడా కొంచెమే. ప్రాణము తేడా వచ్చినది. న్యాయస్థానమున వైద్యులు నిర్దోషులుగా విడుదలైనారు. నర్సునకు మాత్రము ఒక సంవత్సరము ఒక దినము కారాగార శిక్ష పడినది. ఆ మందు అంత మోతాదులో ప్రాణాంతకమని తెలిసికొనవలసిన బాధ్యత నర్సునకు గూడ ఉన్నదని ఆ తీర్పు వలన లోకము గ్రహించినది. పలు దేశముల నర్సులు ఆందోళన చేయగా, శిక్ష అనుభవింపకముందే సొమేరాకు క్షమాభిక్ష లభించినది.

కథ సుఖాంతమే యైనను ముల్లు మిగిలినది. చెప్పినట్లు చేయుమని నేర్పినది ఈ లోకమే; చెప్పినట్లు ఏల చేసితివని శిక్షించినదియు ఈ లోకమే. విధేయత నర్సును కాపాడు కవచము కాదని మనీలా నేర్పినది. మరి కవచమేది? దానికి సమాధానము అప్పటికి ఎవ్వరివద్దను లేదు.

సమాధానము మెల్లమెల్లగా వచ్చినది. 1899లో స్థాపితమైన అంతర్జాతీయ నర్సుల సమితి 1953లో తన తొలి నీతినియమావళిని ఆమోదించినది. వైద్యుని ఆజ్ఞలను తెలివితోను విధేయతతోను నెరవేర్చుట నర్సు విధియని అందు ఉండెడిది. 1973లో ఆ నియమావళిని తిరుగవ్రాసినప్పుడు ఆ వాక్యము తొలగిపోయినది. నర్సు మొదటి బాధ్యత ఆమె సేవ అవసరమైన ప్రజలకే యని క్రొత్త నియమావళి ప్రకటించినది. తోటి ఉద్యోగి వలన గాని మరియొకరి వలన గాని రోగి సేవకు ముప్పు వాటిల్లినచో, రోగిని కాపాడుటకు తగిన చర్య తీసికొనవలెనని గూడ చెప్పినది. చరకుని నాటి అనురాగము మరల తన చోటికి చేరినది. ఇరువది యేండ్లలో ఒక వాక్యము పోయి మరియొక వాక్యము వచ్చుట చిన్న సంగతిగా తోచవచ్చును. కాని ఒక వృత్తి తన యజమానిని మార్చుకొన్నది ఆ వాక్యముతోనే.

కాగితము మీది నీతి న్యాయస్థానములో నిలుచునా? 1983లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రపు అప్పీలు న్యాయస్థానము దీనికి జవాబు చెప్పినది. రొమ్ములో నొప్పితో బాధపడుచున్న ఒక మనుష్యుని అతని స్నేహితురాలు ఒక చిన్న ఆసుపత్రికి తెచ్చినది. అతనిని 24 మైళ్ళ దూరమున నున్న వేరొక ఆసుపత్రికి పంపుమని డాక్టరు నర్సుతో చెప్పినాడు. నర్సు అట్లే చేసినది. నాడి చూడలేదు, రక్తపోటు కొలువలేదు, పూర్వాపరములు విచారింపలేదు. కారులో కొద్ది మైళ్ళు పోయినారో లేదో, అతడు దారిలోనే మరణించినాడు. నర్సుల బోర్డు ఆమె లైసెన్సును ఒక సంవత్సరము పాటు నిలిపివేసినది. డాక్టరు చెప్పినందుననే పంపితినని ఆమె వాదించినది. న్యాయస్థానము ఆ వాదమును ఒప్పుకొనలేదు. రోగి స్థితిని పరీక్షించి అతని క్షేమమునకు తగినది చేయు బాధ్యత లైసెన్సు పొందిన ప్రతి నర్సుకును స్వయముగా ఉన్నదనియు, డాక్టరు ఆజ్ఞ గాని ఆసుపత్రి ఆచారము గాని దానిని చెరిపివేయజాలదనియు తీర్పు చెప్పినది. లన్స్‌ఫర్డు కేసు అను పేర ఇది నర్సింగు విద్యలో పాఠమైనది.

ఇంతవరకు చట్టము చెప్పినది ఒక సగమే. నోరు మూసికొన్న నర్సును శిక్షింతునని చెప్పినది. నోరు తెరచిన నర్సును కాపాడునా? ఆ రెండవ సగము అదే టెక్సాసులో ఇరువదియారు సంవత్సరముల తరువాత పరీక్షకు వచ్చినది.

ఆ రాష్ట్రమునకు పడమటి దిక్కున, చమురు బావుల నేలలో, కెర్మిటు అను చిన్న పట్టణము కలదు. అక్కడి వింక్లరు కౌంటీ ఆసుపత్రి 25 పడకలది. అందు ఆన్ మిచ్చెల్, విక్కిలిన్ గాల్ అను ఇద్దరు నర్సులు ఏండ్ల తరబడి పని చేసినవారు. చికిత్స సరిగా జరుగుచున్నదో లేదో పరిశీలించుట వారి ఉద్యోగ ధర్మములలోనిది. క్రొత్తగా చేరిన ఒక డాక్టరు చేయు పనులు వారికి కలవరము కలిగించినవి. శస్త్రచికిత్సలు చేయు అధికారము లేకున్నను చర్మము అతుకు చికిత్సకు పూనుకొనుట, నలిగిన వ్రేలికి రబ్బరు ముక్కను కుట్టుట, తాను అమ్ము మూలికా పదార్థములను రోగులచే కొనిపింపజూచుట అందు కొన్ని. వారు మొదట ఆసుపత్రి అధికారులకే చెప్పినారు. ఫలితము లేదు. 2009 ఏప్రిల్‌లో రాష్ట్ర వైద్య మండలికి సంతకము లేని లేఖ నొకదానిని వ్రాసినారు. రోగుల పేర్లు వ్రాయలేదు. విచారణకు పనికివచ్చునట్లు కాగితముల సంఖ్యలను మాత్రము ఉదాహరించినారు.

ఫిర్యాదు వచ్చినదని మండలి డాక్టరునకు తెలిపినది. అతడు ఆ కౌంటీ పోలీసు అధికారియైన షెరీఫును ఆశ్రయించినాడు. ఆ షెరీఫు అతనికి మిత్రుడు. తన ప్రాణము నిలిపినవాడని అతనిని నమ్మినవాడు. లేఖ వ్రాసినదెవరో కనిపెట్టుటకు పోలీసు బలగము కదలినది. నర్సుల కంప్యూటర్లను వారంటుతో స్వాధీనము చేసికొని వెదకగా లేఖ దొరకినది. 2009 జూన్‌లో ఇద్దరి ఉద్యోగములును పోయినవి. ఆ వెంటనే వారిపై నేరారోపణ వచ్చినది. ప్రభుత్వ సమాచారమును దురుద్దేశముతో వాడుకొన్నారని అభియోగము. రుజువైనచో పదేండ్ల వరకు జైలు. రోగులకు కీడు జరుగుచున్నదని, ఆ కీడును విచారించుటకే ఏర్పడిన మండలికి తెలుపుట, నేరమై కూర్చున్నది!

దేశము నలుమూలల నర్సులు ఈ వార్త విని నివ్వెరపోయినారు. టెక్సాసు నర్సుల సంఘము న్యాయసహాయ నిధిని తెరచినది. ఎక్కడెక్కడి నర్సులో చందాలు పంపినారు. విచారణకు ముందు గాల్ మీది కేసును ఉపసంహరించుకొన్నారు. మిచ్చెల్ ఒక్కతె బోనులో నిలిచినది. నాలుగు దినములు విచారణ జరిగినది. 2010 ఫిబ్రవరి 11వ తేదీన జ్యూరీ లోపలికి పోయి, గంటయైనను గడువకముందే బయటికి వచ్చి, ఆమె నిర్దోషియని చెప్పినది. ఆ యేడే ఆ ఇద్దరకును నష్టపరిహారముగా 7,50,000 డాలర్లు ఇచ్చుటకు ఒడంబడిక కుదిరినది. 2011లో చక్రము పూర్తిగా తిరిగినది. నర్సులపై కక్ష సాధించిన నేరమునకు షెరీఫునకు జైలుశిక్ష పడినది, పదవి పోయినది. ఆసుపత్రి పాలనాధికారి నేరము నొప్పుకొన్నాడు. డాక్టరు గూడ నేరము నొప్పుకొని వైద్య లైసెన్సును వదలుకొన్నాడు. రోగి క్షేమము కొరకు ఫిర్యాదు చేసిన నర్సుపై క్రిమినలు కేసు నడుపుటకు వీలులేకుండ టెక్సాసు శాసనసభ అదే యేట చట్టము చేసినది.

ఈ కథ చదువునప్పుడు తెలుగువానికి కౌరవసభ తలపునకు రాకపోదు. పెద్దలందరు తలలు వంచికొని యుండగా లేచి నిలిచి, ఇది అధర్మమని పలికినవాడు వికర్ణుడు. బాలుడవు, నీకేమి తెలియునని కర్ణుడు అతని నోరు మూయించినాడు. వికర్ణునకు తెలియనిది యేమియు లేదు. సభలో అతనికి స్థానము లేదు, అంతే. మరల రాయబార సమయమున, ధర్మము చెడుచుండగా కాపాడగలిగియు ఊరకున్నవారికి ఆ చేటులో పాలు తప్పదని శ్రీకృష్ణుడు సభవారిని హెచ్చరించిన ఘట్టము తిక్కనగారి ఉద్యోగపర్వము చదివిన ప్రతి విద్యార్థికిని కంఠస్థమే. చరకుడు పరిచారకునకు విధించిన దక్షత యనునది సూదిమందు ఇచ్చుటలోని చేతినేర్పు మాత్రమే కాదు. చూచినదానిని చూచినట్లు, చెప్పవలసినచోట, చెప్పగలిగిన సత్తువ గూడ అందులోనిదే.

చెప్పవలసిన చోటు అను మాట ముఖ్యము. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున బండబర్గు ఆసుపత్రిలో టోనీ హాఫ్‌మన్ అను నర్సు తీవ్ర చికిత్సా విభాగమునకు పెద్ద. 2003లో చేరిన ప్రధాన శస్త్రవైద్యుని చేతిలో రోగుల స్థితి విషమించుచున్నదని ఆమె ఆ యేటినుండియే పై అధికారులకు చెప్పుచు వచ్చినది. నోటితో చెప్పినది, వ్రాసి యిచ్చినది. రెండేండ్లు చెవిటివాని ముందు శంఖమూదినట్లయినది. తుదకు తన ప్రాంతపు శాసనసభ్యుని కలిసికొన్నది. 2005 మార్చిలో విషయము సభలో పొక్కినది. ఆ వైద్యుని పై అమెరికాలో లోగడ క్రమశిక్షణ చర్యలు జరిగినవనియు, వానిని దాచి అతడు రిజిస్ట్రేషను సంపాదించెననియు అటుపిమ్మట బయటపడినది. విచారణ సంఘము కూర్చున్నది. 2010లో అతనిపై పడిన నరహత్యా నేర నిర్ణయమును 2012లో ఆ దేశపు హైకోర్టు కొట్టివేసినది. అయినను గత చరిత్రను దాచి ఉద్యోగము పొందిన మోసమును అతడు 2013లో ఒప్పుకొన్నాడు.

ఈ తుది ఘట్టమును దాచిపెట్టి కథ చెప్పుట ధర్మము కాదు. నర్సు చెప్పిన ప్రతిదానికి న్యాయస్థానము ముద్ర వేయవలెనని లేదు. నర్సు న్యాయాధిపతి కాదు, సాక్షి. దోషము నిర్ణయించుట ఆమె పని కాదు. తాను చూచినది విచారింపబడునట్లు చేయుట ఆమె పని. అందుచేతనే ఈ వకాల్తాకు గూడ నియమములున్నవి. మొదట ఆ డాక్టరునే అడుగవలెను. పొరపాటైనచో అక్కడనే దిద్దుబాటగును. కానిచో హెడ్ నర్సుకు, సూపరింటెండెంటుకు చెప్పవలెను. అక్కడను కానిచో, విచారించు అధికారము గల మండలికి వ్రాయవలెను. వ్రాయునది చూచినదై యుండవలెను, వినినది కారాదు. రోగి గుట్టు బజారున పడరాదు. సొంత పగ తీర్చుకొనుటకు రోగిని అడ్డు పెట్టుకొనరాదు. కెర్మిటు నర్సులు కాగితముల సంఖ్యలు వ్రాసి పేర్లు దాచుటలోని నీతి యిదియే.

ఇట్టి పెద్ద వ్యాజ్యములు నర్సుల జీవితములలో అరుదు. వకాల్తా నిత్యము నడుచునది చిన్న పనులలో. మందు ఇచ్చుటకు ముందు సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ యని అయిదు సంగతులు సరిచూచుకొనవలెనని నర్సింగు పాఠశాలలో మొదటి యేటనే నేర్పుదురు. నాలుగు సరిపోయి అయిదవది సరిపోనప్పుడు, అర్ధరాత్రియైనను డాక్టరును ఫోనులో లేపి అడుగుట వకాల్తా. ఆపరేషను కాగితము మీద వ్రేలిముద్ర వేయబోవు ముసలమ్మ ముఖము చూచి, "డాక్టరుగారూ, ఈమెకు అర్థమైనట్టు లేదండీ, ఇంకొక్కసారి చెప్పండి" అనుట వకాల్తా. మూలుగు రోగిని చూచి, వీడెప్పుడు నింతే యని ప్రక్కవారు కొట్టివేసినను, దగ్గరకు పోయి పొట్ట తాకి చూచుట వకాల్తా. వీనికి పత్రికలలో చోటు దొరకదు. ఆ రాత్రి ఒక ప్రాణము నిలిచినదని ఆ ప్రాణము గలవానికే తెలియదు.

అయితే ప్రతి రాత్రియు ప్రతి నర్సును వీరవనితగా ఉండుమనుట న్యాయమా? ధైర్యము మీద మాత్రమే ఆధారపడిన ధర్మము ఎక్కువ కాలము నిలువదు. ధైర్యము లేనివారును నిజము చెప్పగలుగునట్లు ఏర్పాటు చేయుట సంస్థల విధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు ఒక సరిచూచు పట్టికను ప్రవేశపెట్టినది. ఒకే కాగితము. కత్తి పెట్టుటకు ముందు గదిలోనివారందరు ఒక్క క్షణము ఆగవలెను. రోగి పేరేమి, చేయు ఆపరేషను ఏది, ఏ ప్రక్కన చేయుచున్నారు, ఏ మందు రోగికి పడదు, ఇవన్నియు ఒకరు పైకి చదువగా తక్కినవారు బదులు చెప్పవలెను. చదువునది సాధారణముగా నర్సు. ఇక్కడ ఆమె డాక్టరును ప్రశ్నించుట లేదు, పట్టిక ప్రశ్నించుచున్నది. కావున ఎవరికిని చిన్నతనము లేదు. ఎనిమిది దేశములలోని ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించినారు. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవి. ఆపరేషను పిమ్మటి ఉపద్రవములు నూటికి 11 నుండి 7కు తగ్గినవి. ఆ ఎనిమిది నగరములలో మన ఢిల్లీ ఒకటి. మరియొకటి మనీలా. కొకెయినుకు ప్రొకెయినుకు నడుమ ఒక నర్సు బ్రతుకు నలిగిపోయిన ఊరిలోనే, ఎనుబది యేండ్లకు, ప్రశ్న యడుగుట నర్సు నిత్యవిధి యైనది.

మంచి డాక్టరునకు ఈ ప్రశ్న కంటకము కాదు. అలసిన వేళ తన చేయి తడబడినచో పట్టుకొను చేయి యొకటి ప్రక్కన ఉన్నదని అతనికి అది ధైర్యము. నాలుగు పాదములలో ఒక పాదము మరియొక పాదమునకు బానిస కానక్కరలేదు. సమముగా నిలిచిననే పీట కదలకుండ నుండును.

మన దేశమున నర్సు వృత్తికి 1947లోనే భారత నర్సింగు కౌన్సిలు చట్టము ఏర్పడినది. 2023లో దాని స్థానమున జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమును పార్లమెంటు ఆమోదించినది. అందు విద్యకు ఒక బోర్డు, విద్యాసంస్థల నాణ్యత నిర్ణయమునకు ఒక బోర్డు, నీతినియమములకును రిజిస్ట్రేషనుకును ప్రత్యేకముగా ఒక బోర్డు విధింపబడినవి. వృత్తినీతికి చట్టములోనే పేరు దక్కుట సంతోషింపదగినదే. కాని తప్పు చేసిన నర్సును విచారించు బోర్డు ఎంత అవసరమో, తప్పును చూపిన నర్సు వెనుక నిలుచు ఏర్పాటు అంత అవసరము. మొదటిది మాత్రమే ఉండి రెండవది లేనిచో, మనీలా నాటి పోకచెక్క మరల అడకత్తెరలోనే యుండును.

ఈ విషయము ఆసుపత్రుల వారిదే కదా, బడిపంతుళ్ళకును విద్యార్థులకును దీనితో పనియేమియని అడుగవచ్చును. పని కలదు. తెలుగునాట ఏటేట ఇంటరు ముగించి నర్సింగు పాఠశాలల మెట్లెక్కు బాలికలు మన బడులనుండి పోవువారే. వారికి మందుల పేర్లు అక్కడ నేర్పుదురు. ప్రశ్నించుట మాత్రము అంతకుముందే నేర్చికొని పోవలెను. నల్లబల్ల మీద లెక్క తప్పినప్పుడు, వెనుక వరుసలో ఒక పిల్ల లేచి, "మాస్టారూ, అక్కడ ఏడు కాదండీ, తొమ్మిది" అనును. ఆ మాస్టారు వెనుదిరిగి చూచి, తప్పు దిద్దుకొని, "మంచిది, కూర్చో అమ్మా" అనవచ్చును. లేక, పెద్దల మాటకు ఎదురు చెప్పుదువా యని గద్దింపవచ్చును. పదేండ్ల పిమ్మట ఒక రాత్రి, ఒక వార్డులో, ఆ పిల్ల చేతిలో సూదిమందు ఉండును. కాగితము మీద ఒక అంకె తప్పియుండును. ఆ రాత్రి ఆమె నోరు విప్పునో మూసికొనునో చాలవరకు ఆ లెక్కల గంటలోనే నిర్ణయమైపోవును.